డిస్కాగ్స్‌లో ఏడేళ్లు: ఆ మూడు అంకెల గురించి

ఏడేళ్లుగా డిస్కాగ్స్ అనే వెబ్‌సైట్‌లో పాత గ్రామఫోన్ రికార్డులు కొంటున్నాను, అప్పుడప్పుడు అమ్ముతున్నాను. ఖాతా ఎలా తెరవాలి, గ్రేడింగ్ (రికార్డు ఎంత బాగుందో చెప్పే అంచనా) అంటే ఏమిటి లాంటివి ఇక్కడ రాయను. చెప్పాల్సింది ఒక్కటే, ప్రతి రికార్డు పేజీలో కనిపించే అమ్మకాల చరిత్ర గురించి. ఆ రికార్డు ఇంతవరకు కనీసం ఎంతకు పోయింది, గరిష్ఠంగా ఎంతకు పోయింది, మధ్యస్థ ధర (అమ్మిన ధరలన్నీ వరుసలో పెడితే నడిమధ్య వచ్చేది) ఎంత అన్నవి అందులో ఉంటాయి. ఆ మూడు అంకెలంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. రెండేళ్లుగా మాత్రం అవి చూసినప్పుడల్లా మనసులో ముల్లు కదులుతోంది.

ఇదివరకు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఎల్పీ (పెద్ద రికార్డు) చేతిలోకి తీసుకుంటే, మన ముఖంలో ఆశ చూసి ధర చెప్పేవారు. ఈ అంకెలు తెలిశాక బేరానికి ఒక ఆధారం దొరికింది. ఎంత పెట్టొచ్చో, ఎక్కడ ఆగాలో నాకు నేర్పింది ఈ పేజీయే.

ఆ బజార్‌లోనే 150 రూపాయలకు ఒక ఈపీ (కొన్ని పాటలే ఉండే చిన్న రికార్డు) కొన్నాను. 1970ల నాటిది. సినిమా ట్యూన్లను ఎలక్ట్రిక్ ఆర్గన్, అకార్డియన్, బాంగోల మీద వాయించారు. కవరు మీద ఆర్కెస్ట్రా పేరే తప్ప ఒక్క మనిషి పేరూ లేదు. ఇలాంటి వాటి కోసం యూరప్‌లో డీజేలు ఎంతగా వెతుకుతారో మధ్యస్థ ధర చూశాకే అర్థమైంది. నెదర్లాండ్స్ నుంచి ఒకాయన 11,000 రూపాయలకు కొనుక్కున్నారు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

కొన్ని నెలల తర్వాత విజయవాడలో ఒక పెళ్లికి వెళ్లాను. మాటల్లో ఆ రికార్డు సంగతి వస్తే, మా పెద్దమ్మ కొడుకు "అందులో అకార్డియన్ మా వీధి మాస్టారిదే కదా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వెళ్లాం. ఆయనకు ఎనభై దాటాయి. రికార్డింగ్ బాగానే గుర్తుంది. "మద్రాసులో ఒక్క రోజు పని. సాయంత్రం డబ్బు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు. ప్లేటు వచ్చిందని కూడా తర్వాతెప్పుడో తెలిసింది" అన్నారు.

ఆయన సంతోషిస్తారనుకుని ఫోన్‌లో ఆ పేజీ తెరిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మూడు అంకెలనూ వేలితో ఒక్కొక్కటిగా తాకి, "ఇందులో వాయించినవాడి గడి ఏది బాబూ?" అని అడిగారు.

ఏం చెప్పను? అలాంటి గడి లేదు. 2023 మే నుంచి సైటు 8 శాతం బదులు 9 శాతం తీసుకుంటోంది, పోస్టు ఖర్చు మీద కూడా. డబ్బు చేరవేసేవాళ్లు కొంత, పోస్టాఫీసు కొంత తీసుకుంటారు. మిగిలింది నాది. వాయించినవారికి సున్నా. ఇది ఒక్క సైటు తప్పు కాదు, ఒకసారి అమ్ముడైన రికార్డు మళ్లీ చేతులు మారితే కళాకారుడికి వాటా లేదు. మన కాపీరైట్ చట్టంలో 53ఎ సెక్షన్ ఉంది. బొమ్మ, శిల్పం, సంగీత రచన అసలు రాతప్రతి లాంటివి 10,000 రూపాయలు దాటి మళ్లీ అమ్ముడైతే, సృష్టించినవారు వాటా అడగొచ్చు. అది 10 శాతం మించకూడదు. అంటే ట్యూన్ రాసుకున్న కాగితానికి ఆ హక్కు ఉండొచ్చు, ప్లేటుకు ఉండదు.

అసలు ఆ అంకెలను నేను నమ్మినంతగా నమ్మకూడదని కూడా తర్వాత తెలిసింది. ఒక రికార్డు మొత్తం మీద రెండుసార్లే అమ్ముడైతే మధ్యస్థ ధరకు అర్థం లేదు. పైన కనిపించే ఆ మూడింటిలో రికార్డు ఏ స్థితిలో ఉందో ఉండదు. ఒక అమ్మకందారు దగ్గర మంచి గ్రేడు చూసి, మధ్యస్థ ధరకే కదా అని కొన్నాను. వచ్చింది గీతలమయం.

నాకు అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి. ఇక్కడి డేటాబేస్‌ను వాడేవాళ్లే నింపుతారు. కవరు మీద లేని పేరునైనా ఆధారం చెప్పి "అన్‌క్రెడిటెడ్" (కవరు మీద పేరు వేయనివారు) అని చేర్చే వీలుంది. మాస్టారు చెప్పిన వివరాలు రాసి అకార్డియన్ పక్కన ఆయన పేరు పెట్టాను. యాభై ఏళ్లకు ఆ రికార్డుకు ఒక మనిషి దొరికాడు. పేరు దొరకడం చిన్న సంగతి కాదు. ముంబైకి చెందిన చరణ్‌జిత్ సింగ్ 1982లో సింథసైజర్లతో చేసిన పది రాగాల ఎల్పీని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో నెదర్లాండ్స్ రికార్డు కంపెనీ ఒకటి మళ్లీ విడుదల చేశాకే ఆయన డెబ్బై దాటిన వయసులో యూరప్ వెళ్లి కచేరీలు చేశారు. 2015లో పోయారు. పాత కాపీల ధర వల్ల ఆయనకేమీ రాలేదు, ఆయన ఎవరో తెలియడం వల్ల వచ్చింది.

మాస్టారికి ఆ అమ్మకంలో సగం ఇచ్చాను. మొదట వద్దన్నారు. అప్పటి నుంచి ఏది అమ్మినా, వాయించినవారి ఆచూకీ దొరికితే పది శాతం పంపుతున్నాను. ఇప్పటికి నలుగురే దొరికారు. కొత్త పాటలైతే, కళాకారులు తమ పాటలు తామే అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో వాళ్ల దగ్గరే కొంటున్నాను. అక్కడ డిజిటల్ అమ్మకాల్లో సైటు 15 శాతం తీసుకున్నా, మిగతాదాంట్లో చాలావరకు వాళ్లకే వెళ్తుంది.

డిస్కాగ్స్ వాడమంటానా? నాకు నెల జీతం ఉంది, ఇది సరదా. కాబట్టి వాటా ఇవ్వగలుగుతున్నాను. దీని మీదే ఇల్లు గడిచేవాళ్లకు ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. కొనడానికైతే నేను ఇంకా దీన్నే తెరుస్తాను. అమ్మడం తగ్గించాను. ఒక జానపద ఈపీ పెట్టెలో అలాగే ఉంది, మంచి ధరే చూపిస్తోంది. ముందు పాడినావిడ ఎవరో కనుక్కోవాలి.