కర్రోడు, రొయ్యలు, ఆవకాయ: ఒక డిక్కీ ట్రేతో దాదాపు మూడేళ్ళు

డిక్కీలో వేసే మ్యాట్ల మీద నేను ఇప్పటికి ఏడు వేలు తగలేశాను. నాలుగు రకాలు వాడితే ఒకటి నిలబడింది. అది చుట్టూ అంచులు లేచి ఉండే ట్రే లాంటి మ్యాట్. 2023 ఫిబ్రవరిలో 2,800 పెట్టి కొన్నాను, ఇప్పటికీ కార్లోనే ఉంది. అయితే అది ఒక్కటి కొని పరిస్తే చాలని చెప్తే అబద్ధమవుతుంది. దానికి తోడుగా నేను వేసిన, పైసా ఖర్చులేని ముక్క ఇంకొకటుంది. అది లేకపోతే ఈ ట్రే సగం పనే చేసేది. ఆ సంగతికి మెల్లగా వస్తాను.

మాది నెల్లూరు. అమ్మ పొదలకూరు పక్కన పల్లెలో ఉంటుంది, అక్కడ మాకు కాస్త నిమ్మతోట ఉంది. అత్తగారిది సింగరాయకొండ వైపు, మా బామ్మర్ది రొయ్యల గుంటలు చేస్తాడు. అందుకని మా కారు ఒక ఆదివారం పొదలకూరు పోయి నిమ్మకాయల బస్తాలు తెస్తే, ఇంకో ఆదివారం హైవే ఎక్కి పోయి ఐసులో పెట్టిన రొయ్యలు తెస్తుంది. ఈ రెండింటికీ తోడు మా కుక్క కర్రోడు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి కదా, ఆ తర్వాత కొన్నాళ్ళకు కోవూరు దాటాక రోడ్డు పక్కన బురదలో దొరికాడు. అప్పుడు రెండు చేతుల్లో పట్టేవాడు. ఇప్పుడు ఇరవై రెండు కిలోలు. నాటు కుక్కే. నల్లగా ఉన్నాడని మా అమ్మ పెట్టిన పేరు అది.

కారు అయిదు సీట్ల చిన్న ఎస్‌యూవీ. వెనక తలుపు పైకి లేస్తుంది. డిక్కీ మీద కప్పి ఉండే పలక తీసేస్తే సీట్లు, డిక్కీ ఒకే గది అవుతాయి, ఏసీ గాలి వెనకదాకా పోతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, డిక్కీ విడిగా మూసుకుపోయే సెడాన్లలో కుక్కను అందులో పెట్టడం అనే మాటే ఉండకూడదు. అలాంటి కారైతే దాని చోటు వెనక సీటే.

మొదట ఉన్నది కారుతో పాటు వచ్చిన బొచ్చు మ్యాట్. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు, 2022 మే నెల దాకా.

ఆ రోజు బామ్మర్ది థర్మాకోల్ పెట్టెలో ఎనిమిది కిలోల రొయ్యలు, మీద ఐసు పోసి ఇచ్చాడు. పెట్టె మూలన చిన్న పగులు కనబడుతూనే ఉంది. "ఏం గాదు బావా, టేపు చుట్టినా గదా" అన్నాడు. ఇల్లు చేరి పెట్టె దించితే మ్యాట్ తడిగా ఉంది. తీసి ఎండేశాం, అంతటితో అయిపోయిందనుకున్నాం. మూడో రోజు పొద్దున కారు తలుపు తీసిన మా ఆవిడ తీసింది తీసినట్టే మూసేసింది.

ఆటోనగర్‌లో మెకానిక్ డిక్కీ అడుగు పలక పైకి లేపి చూపించాడు. స్టెప్నీ ఉండే గుంటలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు, ఎర్రగా. ఆ పలక చెక్కపొట్టును వత్తి చేసిన అట్టలాంటిది, నీళ్ళు తాగి ఒక పక్క అప్పంలా ఉబ్బింది. చాలా కార్లలో ఆ గుంట అడుగున ఒక రబ్బరు బిరడా ఉంటుందని అప్పుడే తెలిసింది. అది లాగితే నీళ్ళు కిందికి పోతాయి. ఈ కారు కొని ఏడాది దాటినా ఆ పలక ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు నేను.

వాసన పోవడానికి ముందు సెంటు సీసాలు వేలాడదీశాను. మల్లెపూల మధ్య రొయ్యల పొట్టు పోసినట్టు తయారైంది. తర్వాత ఫినాయిల్ తెచ్చాను గానీ కుక్క పడుకునే చోట అది వద్దని మానేశాను, వాడు నేల నాకుతాడు. చివరికి పనిచేసింది మా తోట నిమ్మకాయలే. రొయ్యల నీచు వాసన పుట్టించేదానికి క్షార గుణం ఉంటుంది, పులుపు తగిలితే అది గాల్లోకి లేవదు. చేపలు కడిగేటప్పుడు నిమ్మకాయ పిండేవాళ్ళకూ, పులుసులో చింతపండు పోసేవాళ్ళకూ ఇది ఎప్పుడూ తెలిసిన విషయమే. నాకు తెలియడానికి పది రోజులు, మూడు సెంటు సీసాలు పట్టాయి. నిమ్మరసం నీళ్ళలో కలిపి గుడ్డతో తుడిచి, మళ్ళీ మంచినీళ్ళతో తుడిచి, తలుపులన్నీ తీసి రెండు పూటలు ఎండలో పెట్టాను. ఆ రసం రేకు మీద నిలవ ఉండకూడదు, తుప్పుకు అదీ దారే.

రెండోది రెగ్జిన్. సీటు కవర్లు కుట్టే షాపులో కొలతలు ఇచ్చి 1,800కి కుట్టించాను. చూడ్డానికి నాలుగింటిలోకీ ఇదే అందమైనది, లోపల స్పాంజి, మీద డైమండు కుట్టు. ఆ కుట్టే దాని కొంప ముంచింది. సూది దిగిన ప్రతి చోటా ఒక బెజ్జం. నీళ్ళు అందులోంచి దిగి స్పాంజిలో చేరితే పైకి ఏమీ కనబడదు. పైగా కర్రోడు దాని మీద నిలబడలేకపోయాడు, మలుపు వచ్చినప్పుడల్లా గోళ్ళు దించేవాడు. మన ఎండలకు కొన్ని నెలలకే అంచుల దగ్గర పెళుసెక్కి చిట్లింది. కుక్క లేనివాళ్ళు, సూట్‌కేసులు తప్ప ఏమీ పెట్టనివాళ్ళు ఇది వేసుకోవచ్చు. వాళ్ళకు మాత్రం అసలు మ్యాట్ దేనికో.

మూడోది కుక్కల కోసమని అమ్మే మందపాటి బట్ట. సీటు తలగడలకు తగిలించుకోవాలి, పక్కలకు వెల్క్రో, బంపరు మీదికి ఒక నాలుక. 2,400. పని విషయంలో దీన్ని తప్పు పట్టలేను. వెంట్రుకలు కార్పెట్‌లోకి పోలేదు, కుక్క జారలేదు, బంపరు పెయింటు మీద గీతలు పడలేదు. కానీ వేయడానికి ఇరవై నిమిషాలు, తీయడానికి పది. వెల్క్రో మా కారు పక్క ప్లాస్టిక్‌కు అంటదు, అంటిన చోట కర్రోడి వెంట్రుకలన్నీ పట్టుకుని నెలకల్లా పట్టు వదిలేసింది. ఉతికితే ఆరడానికి కార్తీక మాసంలో రెండు రోజులు. మనకు అసలు వానలు పడేది ఆ రోజుల్లోనే, కుక్క బురద మోసుకొచ్చేదీ అప్పుడే. అలా తీసిన కవరు మంచం కిందికి చేరింది, ఇంకా అక్కడే ఉంది.

ఇక నాలుగోది. టీపీఈ అంటారు, రబ్బరులా వంగే ప్లాస్టిక్. మా కారు డిక్కీ ఆకారానికే పోసింది, అంచులు రెండు అంగుళాలు లేచి ఉంటాయి. కొనేటప్పుడు ఒక్కటే చూశాను, షాపులో దాని మీద ముక్కు పెట్టి వాసన. చవకరకం పీవీసీ మ్యాట్లు కొన్ని కొత్తలోనే ఘాటుగా కొడతాయి, ఎండలో మూసిన కార్లో అది ఇంకా పెరుగుతుంది. దీనికి ఆ బాధ లేదు. మూడు వేసవులు చూసింది. ముడుచుకోలేదు, బిగుసుకుపోలేదు. ఒక్క మూల మాత్రం ఇనుప పార గీసుకుని తెగింది.

అసలు గొప్పతనం వేరే. ఒంటిచేత్తో లాగితే ఊడి వస్తుంది, కొళాయి కింద గోడకు ఆనించి నీళ్ళు కొడితే అయిదు నిమిషాల్లో శుభ్రం. పాత టవలు వేసి తుడిస్తే అప్పుడే మళ్ళీ వేసేయొచ్చు. బట్ట కవరు మంచిదే అయినా మంచం కిందికి పోయింది, ఇది కార్లోనే ఉండిపోయింది. తేడా అంతా ఆ ఇరవై నిమిషాల్లో ఉంది.

లోపాలు కూడా చెప్పాలి. ఒకటి, ఆ రెండంగుళాల అంచు. నిమ్మకాయల బస్తా ఈడ్చి లోపలికి తోయడానికి కుదరదు, ఎత్తి దించాల్సిందే, నా నడుముకు తెలుసు. రెండు, దాని మీద గీతలున్నా కర్రోడి కాళ్ళు నిలవవు. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత వేస్తే గానీ పడుకోడు. మూడోది అసలు లోపం. ట్రే నేలను కాపాడుతుంది, అంతే. సీటు వీపు, పక్క గోడలు దానికి పట్టవు. కుక్క ఒళ్ళు దులిపితే నీళ్ళు పడేది నేల మీద కాదు, సీటు వీపు మీద. అక్కణ్ణించి కారి, సీటుకూ ట్రేకూ మధ్య సందులోంచి నేరుగా ఆ ఉబ్బిన పలక మీదికే దిగుతాయి. మైపాడు బీచికి పోయి వచ్చిన రోజు ఉప్పునీళ్ళు, ఇసుక రెండూ ఆ సందులోనే చేరాయి. 2,800 పెట్టి సందును వదిలేశామన్నమాట.

దీనికి మందు గుంటల దగ్గర దొరికింది. రొయ్యల గుంటల అడుగున నీళ్ళు ఇంకకుండా పరిచే నల్ల షీటు ఉంటుంది కదా, దాని కత్తిరింపు ముక్కలు బామ్మర్ది షెడ్డులో పడి ఉంటాయి. ఒకటి అడిగితే "కారుకు ఇదేంది బావా, అసయ్యంగా" అని నవ్వాడు. అందంగా లేదు, ఒప్పుకుంటాను. సీటు తలగడల కడ్డీలకు రెండు బెజ్జాలు చేసి తాడుతో కట్టాను, అక్కణ్ణించి సీటు వీపంతా కప్పి కిందికి దిగుతుంది. కిటుకు ఒక్కటే. షీటు చివర ట్రే అంచు లోపలికి రావాలి, బయటికి కాదు. పాక మీద తాటాకు కప్పేటప్పుడు పై ఆకు కింది ఆకు మీదికి వచ్చినట్టు. మొదటిసారి నేను తిరగేసి వేశాను, నీళ్ళన్నీ మళ్ళీ సందులోకే పోయాయి. సరిచేశాక ఈ రెండున్నరేళ్ళలో స్టెప్నీ గుంట ఎన్నిసార్లు తెరిచి చూసినా పొడిగా ఉంది. మిగిలిన ముక్కను బంపరు మీదికి వేలాడేస్తాను, కర్రోడు ఎక్కేటప్పుడు గోళ్ళు పెయింటుకు తగలవు. షీటు ఎండకు బాగా కాలుతుంది, కాబట్టి వాడి ఒళ్ళు దానికి ఆనకుండా బొంత పైదాకా మడిచి వేయాలి.

వెంట్రుకల సంగతి. ట్రే మీద అవి సమస్యే కాదు. పక్క కార్పెట్‌లో ఇరుక్కున్నవాటికి వాక్యూమ్ కంటే అంట్లు తోమే రబ్బరు గ్లోవు నయం. తడిపి ఒకే వైపుకు నిమిరితే వత్తులుగా చుట్టుకుని వస్తాయి. మా ఆవిడ కనిపెట్టింది, క్రెడిట్ ఆమెకే.

ఈ ట్రేకు అసలు పరీక్ష రొయ్యలు కాదు, ఆవకాయ. పోయినేడు మే నెలలో అత్తగారు అయిదు కిలోల జాడీ వాసెన గుడ్డ కట్టి ఇచ్చారు. జాడీని టైరు గొట్టం మధ్యలో కూర్చోబెట్టి తెచ్చాను, అయినా పెన్న బ్రిడ్జి ముందు ఎవరో అడ్డం వస్తే బ్రేకు వేశాను, అది ఒరిగింది. అర లీటరు పైనే నూనె, ఎర్రగా ట్రేలో మడుగు కట్టింది. ఒక్క చుక్క కిందికి పోలేదు. ఇంటికొచ్చి దాని మీద గుప్పెళ్ళతో శనగపిండి చల్లి, పీల్చాక ఎత్తేసి, అంట్లు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగితే పోయింది. కానీ ట్రే బయటికి లాగేటప్పుడు నేను తొందరపడి వంచాను, కాస్త నూనె పక్క కార్పెట్ మీద చిందింది. పసుపు మరక. ఎండకు పసుపు రంగు విరుగుతుంది కాబట్టి వారం రోజులు మధ్యాహ్నాలు డిక్కీ తలుపు తీసి పెట్టాను, చాలా మటుకు తేలిపోయింది. జిడ్డు గుర్తు మాత్రం ఇంకా ఉంది. అప్పట్నించి ట్రేలో తడి ఉంటే లాగను, ముందు గుడ్డతో అద్దేస్తాను.

కుక్కతో పోయేవాళ్ళకు ఇంకో రెండు మాటలు. కుక్కనూ సరుకునూ ఒకేసారి వెనక పెట్టకండి, బ్రేకు వేస్తే బస్తా వాడి మీదికి వస్తుంది. రొయ్యలు తెచ్చే రోజు కర్రోడు వెనక సీట్లో మా అబ్బాయి పక్కన. వాణ్ణి కట్టేది మెడ పట్టీకి కాదు, ఛాతీ చుట్టూ వేసే పట్టీకి, తాడు లేచి తిరిగేంత పొడవే. బయల్దేరే ముందు మూడు గంటలు తిండి పెట్టం, లేకపోతే కావలి దాకా కూడా ఆగదు, ట్రేకు పని చెప్తాడు. టీ కోసం ఆగితే మాలో ఒకరు వాడితో పాటు దిగాల్సిందే. అద్దాలు కాస్త దించాం కదా అని మూసిన కార్లో వదలడం మన ఎండల్లో పది నిమిషాలైనా ప్రమాదమే.

మొన్న బామ్మర్ది కొత్త కారు కొన్నాడు, తెల్లది, లోపలంతా లేత రంగు కార్పెట్. డిక్కీలో బొచ్చు మ్యాట్, దాని మీద ఫీడు బస్తా. నన్ను చూసి తల గోక్కున్నాడు. "బావా, ఆ నల్ల షీటు ఎట్టా కట్టినావో ఒకసారి చూపిస్తావా" అన్నాడు.