వదిన ఇంటికీ ఆడపడుచు ఇంటికీ నడుమ

మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్ ఊళ్ళో మెయిన్ స్ట్రీట్ మీద పక్కపక్కనే రెండు పాత ఇళ్ళున్నాయి. పసుపు రంగు వేసిన ఇటుకల ఇల్లు కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పుట్టిన ఇల్లు, 1886లో కన్నుమూసిన ఇల్లు. పేరు హోమ్‌స్టెడ్. చెట్ల చాటున ఉన్న రెండోది ఎవర్‌గ్రీన్స్, ఆమె అన్న ఆస్టిన్, వదిన సూసన్‌ల కాపురం. నడుమ ఉన్న పచ్చిక దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ కాస్త దూరం నడవాలని మా వదినా నేనూ మొన్న అక్టోబరులో బయల్దేరాం.

ఎమిలీ, సూసన్ ఇద్దరూ 1830 డిసెంబరులోనే పుట్టారు. వదిన ఆడపడుచు కంటే తొమ్మిది రోజులు చిన్నది. ఎమిలీ తన జీవితంలో ఎక్కువ కవితలు పంపుకున్నది ఈ వదినకే, 250కి పైగా. ఈ సంగతి చెప్పగానే మా వదిన, "అయితే మనిద్దరం కలిసే వెళ్ళాలి, ఇంకెవరూ వద్దు" అంది.

వదిన వాళ్ళు వూస్టర్‌లో ఉంటారు. నేను న్యూజెర్సీ నుంచి అక్కడికి చేరితే ఇద్దరం కారులో వెళ్ళాం. కారు లేకపోతే రైలు నార్తాంప్టన్ దాకానే వస్తుంది, అక్కడి నుంచి ఊరి బస్సు ఎక్కాలి. సెలవు రోజుల్లో బస్సులు తక్కువ, ముందే టైములు చూసుకోండి. ఊరి పేరులో 'హ' అక్కడి వాళ్ళు పలకరు, ఆమర్స్ట్ అంటారు.

బసకి ఊరి నడిబొడ్డున పచ్చిక మైదానం ఎదురుగా ఇన్ ఆన్ బోల్ట్‌వుడ్ ఉంది. అక్కడుంటే ఈ రెండు ఇళ్ళ మ్యూజియం, ఆమ్‌హర్స్ట్ కాలేజీ, ఎమిలీ సమాధి ఉన్న శ్మశానం అన్నీ కాళ్ళ మీదే తిరగొచ్చు. కానీ ఆకులు రంగులు మారే కాలంలో రేట్లు మండిపోతాయి. మేము హ్యాడ్లీ వైపు రూట్ 9 మీద మామూలు హోటల్ తీసుకున్నాం. రెండు మంచాల గది అని బుక్ చేస్తే ఒక మంచం గది ఇచ్చారు. రాత్రి పది గంటలకి అలిసిపోయి ఉన్నాం, కౌంటర్ దగ్గర అరగంట వాదించాల్సి వచ్చింది. ఆ హోటల్‌కి మళ్ళీ వెళ్ళను. ఒక్క రాత్రే అయితే డబ్బు ఎక్కువైనా ఊళ్ళోనే ఉండండి, పొద్దున్నే ఆ వీధుల్లో నడవడం వేరుగా ఉంటుంది. తిండికి ఇబ్బంది లేదు. మసాచుసెట్స్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని డైనింగ్ హాల్లో బయటివాళ్ళు కూడా డబ్బు కట్టి తినొచ్చు. శాకాహారం బోలెడుంది. పక్క బల్ల మీద ఇద్దరు పిల్లలు అసైన్‌మెంట్ టెన్షన్ గురించి తెలుగులో మాట్లాడుకుంటుంటే వదిన మొహం వెలిగిపోయింది.

మ్యూజియం టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, టైము ప్రకారమే లోపలికి పంపుతారు. హోమ్‌స్టెడ్‌ని ఈమధ్యే మరమ్మతు చేసి 2022లో మళ్ళీ తెరిచారు. మేడ మీద ఎమిలీ గది గోడలకి గులాబీల కాగితం అంటించారు. పాత కాగితం ముక్కలు గోడల్లో దొరికితే వాటిని చూసి అచ్చంగా అలాగే చేయించారట. కిటికీ దగ్గర చెర్రీ చెక్క బల్ల ఉంది, పొడవూ వెడల్పూ రెండు జానలకి మించవు. నేను చెయ్యి చాచి గాలిలోనే కొలుచుకున్నాను. దాదాపు 1,800 కవితలు. బతికుండగా అచ్చయినవి పదో పన్నెండో, అవీ పేరు లేకుండా. అక్కడున్నది నకలు బల్ల, అసలుది హార్వర్డ్‌లో ఉంది.

అసలుది అక్కడికి ఎందుకు పోయిందో తెలుసుకోకపోతే ఈ యాత్ర సగమే. ఎమిలీ పోయాక చెల్లెలు లవీనియా, అక్క చెప్పినట్టే, ఆమెకి వచ్చిన ఉత్తరాలన్నీ తగలబెట్టింది. తర్వాత సొరుగు తెరిస్తే కవితలు బయటపడ్డాయి. కాగితాలు మడిచి, ఒక పక్కన బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టిన నలభై చిన్న పుస్తకాలు. వాటి గురించి అక్క ఏమీ చెప్పలేదు. లవీనియా వాటిని ముందు సూసన్‌కి ఇచ్చింది. పని నెమ్మదిగా సాగుతోందని విసిగి మేబెల్ లూమిస్ టాడ్ చేతిలో పెట్టింది. మేబెల్ ఎవరంటే, సూసన్ భర్త ఆస్టిన్‌తో 1882 నుంచి సంబంధం ఉన్న మనిషి. ఆమే రచయిత హిగిన్సన్‌తో కలిసి 1890లో మొదటి సంపుటి వేసింది. ఎమిలీ తన కవితల్లో ప్రాణం ఉందా అని 1862లో ఉత్తరం రాసి అడిగింది ఆ హిగిన్సన్‌నే. ఆస్టిన్ పోయాక చిన్న నేల ముక్క కోసం లవీనియా, మేబెల్ కోర్టుకెక్కారు. మేబెల్ ఓడిపోయి, తన దగ్గరున్న కాగితాలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసేసింది. ముప్ఫై ఏళ్ళకి పైగా ఆ పెట్టె తెరుచుకోలేదు. చివరికి మేబెల్ వాటా ఆమ్‌హర్స్ట్ కాలేజీకి, సూసన్ ఇంటి వాటా, ఆ బల్లతో సహా, 1950లో హార్వర్డ్‌కి చేరాయి.

కాలేజీలోని ఫ్రాస్ట్ లైబ్రరీ ఆర్కైవ్స్‌కి వెళ్ళాలంటే ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. పెన్ను బయటే పెట్టాలి, పెన్సిలే లోపలికి. ఎమిలీ అసలు ప్రతులు అడిగినవాళ్ళందరికీ తీసి ఇవ్వరు. అది న్యాయమే, ఆ కాగితాలు అంత నాజూకువి. స్కాన్ చేసిన బొమ్మలు ఇంట్లో కూర్చుని కూడా ఉచితంగా చూడొచ్చు.

అలా తెర మీద చూసిన ఒక పేజీ దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగిపోయాం. ఇంట్లో ఒక తోబుట్టువు ఉంది, కంచె అవతల ఇంకొకరు ఉన్నారని వదిన గురించి రాసిన కవిత అది. మేబెల్ వాటాలోని ప్రతిలో ఆ పంక్తుల మీద ఎవరో సిరాతో సున్నాలు సున్నాలుగా కొట్టేశారు. పెన్ను ఒత్తి మరీ గీశారు. ఎవరి చెయ్యో రుజువు లేదు. ఆస్టిన్‌నో మేబెల్‌నో అనుమానిస్తారు పరిశోధకులు. కానీ ఎమిలీ అదే కవితని పుట్టినరోజుకి వదినకి కూడా పంపింది. వదిన దాచుకుంది. ఆ ప్రతి చెక్కుచెదరకుండా హార్వర్డ్‌లో ఉంది. మా వదిన ఏమీ అనలేదు, నా భుజం మీద చెయ్యి వేసింది.

అందుకే చెప్తున్నా, టైము తక్కువైనా ఎవర్‌గ్రీన్స్ మానుకోకండి. హోమ్‌స్టెడ్‌ని కొత్తగా తీర్చిదిద్దారు. ఎవర్‌గ్రీన్స్ మాత్రం వాళ్ళు నిన్ననే లేచి వెళ్ళినట్టు ఉంటుంది. సామాన్లన్నీ ఆ కుటుంబానివే. 1857లో పేరున్న రచయిత ఎమర్సన్ ఈ ఇంటికే అతిథిగా వచ్చాడు. పత్రికా సంపాదకుడు శామ్యూల్ బౌల్స్ వస్తూపోతూ ఉండేవాడు. ఎమిలీ గడప దాటదు, ఎవరినీ చూడదు అని అందరం చదువుకున్నాం. కానీ లోకం కంచె పక్కకే వచ్చి కూర్చుంది. మేడ మీద గిబ్ గది ఉంది. ఎమిలీ మేనల్లుడు, 1883లో ఎనిమిదేళ్ళ వయసులో టైఫాయిడ్‌తో పోయాడు. అతని వస్తువులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. మా వదిన ఆ గదిలోకి రాలేక మెట్ల దగ్గరే నిలబడింది.

వెస్ట్ సెమెటరీకి నడిచి వెళ్ళొచ్చు, టికెట్టు లేదు. ఎమిలీ శరీరాన్ని కడసారి సిద్ధం చేసిందీ, పత్రికలో నివాళి రాసిందీ సూసనే. శవపేటికని మోసింది వాళ్ళింట్లో పనిచేసిన ఆరుగురు ఐరిష్ మనుషులు.

మూడో రోజు కేంబ్రిడ్జ్ వెళ్ళాం. హార్వర్డ్‌లోని హౌటన్ లైబ్రరీలో డికిన్సన్ గది ఒకటే చిన్న గది, మనిష్టం వచ్చినప్పుడు వెళ్ళడం కుదరదు, టూర్ ఉన్న రోజు కనుక్కుని వెళ్ళాలి. అసలు బల్ల అక్కడుంది. చిన్నప్పుడు ఎమిలీ 400కి పైగా మొక్కలు నొక్కి ఆరబెట్టి దాచిన పుస్తకం కూడా ఆ లైబ్రరీదే, నాజూకుగా ఉందని అసలుది బయటికి తియ్యరు. నన్ను పట్టుకున్నది వంట చీటీ. బ్లాక్ కేక్‌కి 19 గుడ్లు, రెండు పౌన్ల పిండి, ఐదు పౌన్ల ఎండుద్రాక్ష, ఎమిలీ చేతి రాత. దాని ఫొటో ఫోనులో పెట్టుకుంది వదిన. క్రిస్మస్‌కి నాలుగో వంతు కొలతలతో చేద్దాం, ఎండుద్రాక్ష నువ్వు తీసుకురా అంది.