అమానుల్లా తొందర, జహీర్ షా నిదానం

అఫ్గానిస్తాన్‌ను మార్చాలని ఇద్దరు రాజులు చూశారు. ఇద్దరూ ప్రవాసంలోనే పదవి పోగొట్టుకున్నారు అంటారు గానీ, అది సగమే నిజం. అమానుల్లా 1929 జనవరిలో కాబూల్‌లోనే గద్దె దిగి, తర్వాత దేశం వదిలాడు. జహీర్ షా మాత్రం 1973లో ఇటలీలో ఉండగా బంధువు దావూద్ ఖానే కుర్చీ లాగేశాడు.

అమానుల్లా 1919లో బ్రిటిష్ వాళ్లతో యుద్ధం చేసి విదేశాంగ స్వాతంత్య్రం తెచ్చాడు. ఆ పేరుతో ఏదైనా చెల్లుతుందనుకున్నాడు. 1923లో రాజ్యాంగం, ఆడపిల్లలకు బడులు, యూరప్ యాత్ర ముగించుకొచ్చాక పెద్దల సభకు సూట్లలో రమ్మని హుకుం! సైన్యాన్ని మాత్రం పట్టించుకోలేదు. 1928 చివర్లో తూర్పున షిన్వారీ తెగవాళ్లు తిరగబడితే ఆదుకునే బలగమే లేకపోయింది.

జహీర్ షా 1933 నుంచి 40 ఏళ్లు ఏలాడు, మొదట్లో బాబాయిల చాటునే. 1959లో రాజకుటుంబపు స్త్రీలు ముసుగు లేకుండా వేదిక మీదకొచ్చారు, ఎవరినీ బలవంతపెట్టలేదు. ఈ పద్ధతే నాకు నచ్చుతుంది. కానీ 1964 రాజ్యాంగం తర్వాత రాజకీయ పార్టీలను అనుమతించే చట్టంపై ఆయన సంతకం పెట్టనేలేదు. దాంతో రాజకీయం చాటుమాటుగా పెరిగింది. కమ్యూనిస్టులు 1965లోనే పార్టీ పెట్టుకున్నారు, సోవియట్ శిక్షణ పొందిన సైనికాధికారుల్లో మనుషుల్ని సంపాదించుకున్నారు. 1978లో దావూద్‌ను చంపింది వాళ్లే. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సోవియట్ సేనలు దిగాయి, లక్షల మంది పాకిస్తాన్‌కు, ఇరాన్‌కు తరలిపోయారు.