జగిత్యాల నుంచి దుబాయికి: శంషాబాద్ డైరెక్టా, షార్జానా, కనెక్షన్ ఫ్లైటా?

మన దగ్గర ఎవరైనా దుబాయి టికెట్ తీసుకున్నారంటే అందరూ ముందు అడిగేది "ఎంత పడింది?" అనే. నేనైతే ముందు "క్యాంపు (పనివాళ్లు ఉండే బస) ఎక్కడ?" అని అడుగుతాను. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి పోయేవాళ్లకు టికెట్ మీద మిగిలిన డబ్బు చాలాసార్లు అక్కడ దిగాక టాక్సీకే పోతుంది. కొత్తగా పనికి పోతున్నవాళ్లకు కంపెనీయే టికెట్ పంపితే ఎంచుకునే అవకాశం ఉండదు. ఇది సెలవు మీద వచ్చి, సొంత డబ్బుతో తిరిగి పోయేవాళ్ల కోసం.

శంషాబాద్ నుంచి దుబాయికి ఎమిరేట్స్, ఫ్లైదుబాయి, ఇండిగో నేరుగా నడుపుతున్నాయి. ప్రయాణం దాదాపు నాలుగు గంటలు. ఎమిరేట్స్‌లో అన్నం టికెట్‌లోనే ఉంటుంది, రేటు మాత్రం ఎక్కువగా ఉంటుంది. అది దిగే మూడో టెర్మినల్ దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది. జబల్ అలీ వైపు పోవాల్సినవాళ్లు అక్కడ రెడ్ లైన్ ఎక్కవచ్చు. ఫ్లైదుబాయి విమానాలు ఎక్కువగా దిగే రెండో టెర్మినల్ దగ్గర మెట్రో లేదు. అర్ధరాత్రి దాటాక దిగితే ఏ టెర్మినల్ అయినా ఒకటే, ఆ వేళకు మామూలుగా మెట్రో ఆగిపోతుంది. అందుకే రేటుతో పాటు దిగే టైం కూడా చూడండి. దుబాయి టైం మనకంటే గంటన్నర వెనక.

షార్జాకు ఎయిర్ అరేబియా ఉంది. "దుబాయి పోవాల్సినవాడు షార్జాలో దిగడమేంది?" అని చాలామంది దాన్ని పక్కన పెడతారు. కానీ సోనాపూర్, ఖుసైస్ షార్జా సరిహద్దు పక్కనే ఉన్నాయి. ఆ క్యాంపుల్లో ఉండేవాళ్లకు, షార్జాలోనే పనిచేసేవాళ్లకు నా ఓటు దీనికే. పొద్దున ఆఫీసుల టైంలో దిగితే మాత్రం షార్జా నుంచి దుబాయి పోయే రోడ్డు మీద ట్రాఫిక్ విపరీతం. అల్ ఖూజ్ వాళ్లకు, అంతకంటే దూరం జబల్ అలీ వాళ్లకు షార్జా దండగ. జబల్ అలీ వాళ్లు అబుదాబి టికెట్ కూడా చూడవచ్చు, రేటులో బాగా తేడా ఉంటేనే.

ఇక మస్కట్, బహ్రెయిన్ మీదుగా పోయే కనెక్షన్ ఫ్లైట్లు. వీటిలో ఒకే టికెట్ మీద పోవడం వేరు, రెండు టికెట్లు విడివిడిగా కొనడం వేరు. ఒకే టికెట్ అయితే మొదటి విమానం లేటై రెండోది తప్పినా, తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమాన కంపెనీదే. లగేజీ కూడా మామూలుగా నేరుగా దుబాయికే వెళ్తుంది. విడివిడి టికెట్లలో ఆ భరోసా లేదు. మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తే ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, దానికి ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు. తక్కువ పడుతుందని ఏజెంటు రెండు కాగితాలు చేతిలో పెడితే తీసుకోకండి. ఒకే పీఎన్ఆర్ ఉందా అని అడగండి.

ముంబై దారి పాతవాళ్లకు అలవాటు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు రాకముందు నిజామాబాద్‌లో సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి ముంబైలో దిగి, అక్కడ విమానం ఎక్కినవాళ్లు ఎందరో. ఇప్పుడు ఆ తిప్పలు అక్కర్లేదు. పది పాస్ కానివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలనే) పాస్‌పోర్టు ఉంటుంది. వాళ్లను "విజిట్ వీసా మీద ముంబై నుంచి పంపిస్తాం, అక్కడ అడగరు" అని నమ్మించే ఏజెంట్లంటే నాకు నిజంగా కోపం. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి యూఏఈ పోయేవాళ్లకు ఏ ఎయిర్‌పోర్టులోనైనా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉండాల్సిందే. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్ ద్వారా సక్రమంగా పోతే ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల బీమా కూడా ఉంటుంది. దొంగదారిన పోయినవాడి కుటుంబానికి ఆ ఆసరా ఉండదు.

వరంగల్ వాళ్లు మామునూరు మీద ఆశ పెట్టుకున్నారు. 1981లో మూతపడిన ఆ ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది తెరుచుకున్నా వెంటనే గల్ఫ్ విమానాలు వస్తాయని లెక్క వేసుకోకండి. అప్పటిదాకా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ పోవడమే. కరీంనగర్, జగిత్యాల వాళ్లు శామీర్‌పేట దగ్గర ఎక్కుతారు.

దుబాయి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు లెక్క మారుతుంది. పిల్లలకు, చుట్టాలకు సామాన్లు కొంటారు కాబట్టి లగేజీయే ముఖ్యం. ఎన్ని కిలోలన్నది టికెట్ రకాన్ని బట్టి మారుతుంది, ఒకే విమానంలో పక్క సీటాయనకు వేరేగా ఉండొచ్చు. చేతి సంచి చాలా వాటిలో ఏడు కిలోలే. ఎక్కువైతే కౌంటర్ దగ్గర కట్టే డబ్బుతో, కాస్త రేటెక్కువ ఉన్న టికెట్టే వచ్చేది.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది దిగే టైం గురించే. అర్ధరాత్రి రెండింటికి శంషాబాద్‌లో దిగితే, పగలంతా పనిచేసి కారు తెచ్చిన డ్రైవర్ నిద్ర కళ్లతో రాజీవ్ రహదారి మీదుగా జగిత్యాల దాకా రెండు వందల కిలోమీటర్లకు పైగా నడపాలి. కారులో ఇంటిల్లిపాదీ ఉంటారు. వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా పగలు దిగే విమానమే తీసుకోండి. రాత్రిదే దొరికితే కారును తెల్లారాకే రమ్మనండి, అప్పటిదాకా ఎయిర్‌పోర్టులోనే కూర్చోండి. తేదీ కూడా సరిచూసుకోండి: టికెట్ మీద 12వ తేదీ ఒంటి గంట అర్ధరాత్రి అని ఉంటే, ఎయిర్‌పోర్టుకు పోవాల్సింది 11వ తేదీ రాత్రి.