తెలుగు ఫాంట్ ప్యాకేజీ: డెబియన్‌కా, ఆర్చ్‌కా?
ఒక తెలుగు ఫాంట్‌ని సులువుగా ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీగా తయారుచేసి, డెబియన్, ఆర్చ్ అనే రెండు లినక్స్ రకాల్లో దేనికి ఇవ్వాలి? కూకట్‌పల్లిలో మా మిత్రుల గదిలో ఆదివారమంతా ఇదే చర్చ.

ఆర్చ్ వాళ్ల ఏయూఆర్ (వాడేవాళ్లే ప్యాకేజీలు పెట్టే చోటు) తేలిక. ముఖ్యంగా రాయాల్సింది ప్యాకేజీ ఎలా తయారవ్వాలో చెప్పే పీకేజీబిల్డ్ అనే ఒక్క ఫైలే. ముందుగా ఎవరూ తనిఖీ చేయరు, వాడేవాళ్లే చదివి చూసుకోవాలి.

డెబియన్‌లో అలా కుదరదు. కంట్రోల్, రూల్స్, చేంజ్‌లాగ్, కాపీరైట్ ఫైళ్లు రాయాలి. కొత్తవాళ్లకి నేరుగా అప్‌లోడ్ చేసే హక్కు ఉండదు, మన తరఫున అప్‌లోడ్ చేసే డెబియన్ డెవలపర్, అంటే స్పాన్సర్, దొరకాలి. ఆపైన లైసెన్స్ పరిశీలన. ఓపిక కావాలి, నిజమే. కానీ మేం తీసుకున్న ఫాంట్ జిప్‌లో టీటీఎఫ్ (అసలు ఫాంట్ ఫైలు) తప్ప లైసెన్స్ ఫైలే లేదని తెలిసింది కాపీరైట్ ఫైల్ రాయడానికి కూర్చున్నప్పుడే!

నా ఓటు డెబియన్‌కే. అక్కడ చేరిన ప్యాకేజీ మామూలుగా డెబియన్ ఆధారంగా తయారయ్యే ఉబుంటు అనే లినక్స్‌కీ వెళ్తుంది. సరూర్‌నగర్‌లో పాత ల్యాప్‌టాప్ మీద పాఠం చదువుకునే పిల్లకి ‘క్ష్మి’ విరిగిపోకుండా కనిపిస్తుంది.