ఎన్‌టీలైట్: కలపడానికి బంగారం, పీకడానికి తలనొప్పి

ఎన్‌టీలైట్ అంటే విండోస్ వేసే ఫైలుని ముందే మనకి కావాల్సినట్టు మార్చుకునే సాఫ్ట్‌వేర్. దీని గురించి వీడియోలు పెట్టేవాళ్లంతా ఒకటే పాట పాడతారు, విండోస్‌లో ఉన్న చెత్తంతా పీకేయండి, పాత ల్యాప్‌టాప్ కూడా పరుగెడుతుంది అని. నేను ఏళ్ల తరబడి దీన్ని వాడుతున్నది మాత్రం కలపడానికి. అప్‌డేట్లు, డ్రైవర్లు ముందే ఎక్కించిన ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండేది) ఒకటి తయారు చేసి పెట్టుకుంటే, కొత్తగా విండోస్ వేసిన ప్రతి సిస్టమ్ మీదా జీబీల కొద్దీ డౌన్‌లోడ్, రెండు మూడు రీస్టార్ట్‌లు తప్పుతాయి. ఆ పనికి ఐదుకి ఐదు ఇస్తాను. పీకే పనికి రెండు ఇవ్వడం కూడా దయ తలచినట్టే.

ఎక్స్‌పీ రోజుల్లో ఎన్‌లైట్‌తో సీడీలు కొట్టినవాళ్లకి ఇది పాత చుట్టమే, రెండూ ఒకే డెవలపర్ చేసినవి. అప్పట్లో హార్డ్‌డిస్క్‌ని చూపించే సాటా డ్రైవర్ కలపని సీడీ పెడితే సెటప్‌కి హార్డ్‌డిస్క్ కనపడేది కాదు, ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టమనేది. ఇప్పుడు ఫ్లాపీ పోయింది కానీ బాధ పోలేదు. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ (ఎస్ఎస్‌డీలని ఇంటెల్ తన అదుపులో పెట్టుకునే పద్ధతి) ఆన్ చేసి ఉంటుంది, మామూలు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే 'విండోస్ ఎక్కడ వేయాలి' అని అడిగే దగ్గర లిస్టు ఖాళీగా వస్తుంది, జనం ఎస్ఎస్‌డీ పోయిందని టెన్షన్ పడిపోతారు. కావాల్సింది డిస్కుని సెటప్‌కి చూపించే ఇంటెల్ ఆర్ఎస్‌టీ డ్రైవర్ ఒక్కటే. దాన్ని ఇన్‌స్టాల్ డాట్ విమ్‌లో (ఐఎస్ఓ లోపల విండోస్ ఉండే ఫైలు) మాత్రమే కలిపితే లాభం లేదు, ఎందుకంటే సెటప్ నడిచేది బూట్ డాట్ విమ్ నుంచి, అందులోనూ రెండో ఇండెక్స్ (ఆ ఫైలులోని రెండో ఇమేజ్) నుంచి. ఎన్‌టీలైట్‌లో ఇది టిక్కులు పెట్టే పని, అదే విండోస్‌లోనే ఉండే డిస్మ్ కమాండ్లతో చేస్తే ఒక్కో ఇమేజ్ మౌంట్ చేసి (ఫోల్డర్‌లా తెరిచి), డ్రైవర్ ఎక్కించి, కమిట్ చేసి (మార్పులు సేవ్ చేసి), చివర్లో ఓఎస్‌సీడీఇమేజ్ అనే టూల్‌తో ఐఎస్ఓ కట్టాలి. రెండు దారులూ వచ్చి ఉండటం మంచిది, నా మటుకు నేను ఎక్కడైనా ఇరుక్కుంటే డిస్మ్‌కే వెళతాను, అది చెప్పే ఎర్రర్ సూటిగా ఉంటుంది.

ఇక పీకడం సంగతి. డిఫెండర్, ఎడ్జ్, రికవరీ, భాషలు, ప్రింటింగ్, ఏది కనిపిస్తే దాని టిక్ తీసేసి ఐఎస్ఓ సైజు సగం చేశామని మురిసిపోతే ఆ మురిపెం తర్వాతి నెల రెండో మంగళవారం దాకే. ఆ రోజు మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చే క్యుములేటివ్ అప్‌డేట్, మార్చాల్సిన ఫైళ్ల కోసం విండోస్ తన భాగాలన్నీ దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లో వెతుకుతుంది, దొరకకపోతే చివర 081ఎఫ్ అనే ఎర్రర్ ఇచ్చి వెనక్కి తిరుగుతుంది. లేదా మనం పీకినదాన్ని మళ్లీ తెచ్చి పెడుతుంది. అలా విరిగినదానికి, డౌన్‌లోడ్ అయిన అప్‌డేట్లు ఉండే సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చడం, సర్వీసులు ఆపి మొదలుపెట్టడం లాంటి చిట్కాలు ఏమీ పనిచేయవు, అవి పాడైన డౌన్‌లోడ్‌కి మందులు, లేని ఫైలుకి కాదు. పాడైన విండోస్ ఫైళ్లని బాగుచేసే డిస్మ్ రిస్టోర్ హెల్త్ కమాండ్‌కి అదే వెర్షన్ అసలు ఐఎస్ఓని సోర్స్‌గా చూపిస్తే ఒక్కోసారి బతుకుతుంది, లేకపోతే ఆ ఐఎస్ఓ మీంచే రిపేర్ ఇన్‌స్టాల్. ఎందుకు ఫెయిలైందో విండోస్ అప్‌డేట్ల చిట్టా రాసే సీబీఎస్ లాగ్‌లో ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎర్రర్ నంబర్ వెతికి దానికి పై పది లైన్లు చదివితే సగం పని అయినట్టే.

ఏమీ పీకని ఐఎస్ఓ అయితే అసలు గొడవే ఉండదా అంటే, ఉంటుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ విషయంలో 2024 అక్టోబర్ లేదా నవంబర్ సెక్యూరిటీ అప్‌డేట్ కలిపిన ఇన్‌స్టాలేషన్ డిస్కుతో వేసిన సిస్టమ్‌లు ఆ తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్లు తీసుకోకుండా ఆగిపోవచ్చని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది, డిసెంబర్ అప్‌డేట్‌తో డిస్కు మళ్లీ కట్టుకోమంది. 24హెచ్2లోనే చెక్‌పాయింట్ అప్‌డేట్లు కూడా వచ్చాయి, అంటే తాజా నెల ఫైలు ఒక్కటే కలిపితే చాలదు, దానికి ముందు కేబీ5043080 అనే అప్‌డేట్ కూడా అదే ఫోల్డర్‌లో ఉండాలి. ఈ వరుస గోల కొత్తదేం కాదు లెండి, విండోస్ 7కి 2016లో ఇచ్చిన పెద్ద రోలప్ కూడా 2015 నాటి సర్వీసింగ్ స్టాక్ (అప్‌డేట్లని ఎక్కించే భాగం) ఎక్కకపోతే దిగేది కాదు.

80070643 ఎర్రర్ వేరే కథ. 2024 జనవరిలో కేబీ5034441 విండోస్ 10 మీద ఈ నంబర్‌తో ఫెయిలై చాలామందిని విసిగించింది, కారణం రికవరీ పార్టిషన్‌లో (విండోస్ పాడైతే బాగుచేసే టూల్స్ ఉండే డిస్కు భాగం) ఖాళీ చాలకపోవడం. అప్పటినుంచి సెటప్ ఆన్సర్ ఫైల్‌లో (సెటప్ అడిగేవాటికి ముందే జవాబులు రాసి పెట్టే ఫైలు) రికవరీ పార్టిషన్‌కి ఒక జీబీ ఇస్తున్నాను, ఎస్ఎస్‌డీలో ఆ జీబీకి ఎవరూ ఏడవరు.

వాడేటప్పుడు చిరాకు పెట్టేవీ ఉన్నాయి. ఇమేజ్ మౌంట్ అయి ఉండగా ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంటే అన్‌మౌంట్ కాదు, ప్రోగ్రెస్ అంతా అయ్యాక చివర్లో చెబుతుంది ఆ ముక్క. యాంటీవైరస్ మౌంట్ ఫోల్డర్‌ని స్కాన్ చేస్తూ కూర్చుంటే గంట పని రెండు గంటలు. ఐఎస్ఓలో హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ అంటూ పది దాకా ఎడిషన్లు ఉంటాయి, అన్నిటికీ అప్‌డేట్ కలపొద్దు, కావాల్సిన ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేయండి, నేను పీకమనేది ఇవొక్కటే. అప్పటికీ విమ్ ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టదు, డిస్మ్‌తో ముక్కలు చేయాలి, లేదా రూఫస్ అనే టూల్‌తో ఎన్‌టీఎఫ్ఎస్‌గా రాసుకోవాలి.

ఉచిత వెర్షన్ సొంత వాడకానికే, కొన్ని ఆప్షన్లకు తాళం వేసి ఉంటుంది. సర్వీస్ సెంటర్ నడిపేవాళ్లు లైసెన్స్ కొనాల్సిందే, క్రాక్ చేసిన ఎన్‌టీలైట్‌తో కట్టిన విండోస్‌ని కస్టమర్ బ్యాంకు పనులకి వాడతాడు, అందులో ఇంకేం కలిసిందో మీకూ తెలియదు.