కడుపుతో ఉన్నవాళ్ళూ, ఆ 84 మినరల్స్ ఉప్పు జోలికి పోకండి

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చా, ఒళ్ళు మండిపోతోంది. మన తిరుపతిలో గానుగ నూనె, కొర్రలు, తాటిబెల్లం అమ్మే షాపే, పేరు రాయను. నాకు ఐదో నెల. రెండో నెల నుంచి వాళ్ళ 'హిమాలయ ఉప్పే' వాడుతున్నాం, కిలో 180. కొనేటప్పుడు అడిగా కూడా, "అన్నా, నేను కడుపుతో ఉన్నా, ఇందులో అయోడిన్ ఉంటుందా" అని. "84 మినరల్స్ ఉన్నాయమ్మా, అయోడిన్ ఒక లెక్కా" అన్నాడు. ఉందని మాత్రం అనలేదు చూడండి! ఎమ్మెస్సీ చదివిన నేను తలూపి డబ్బులిచ్చి వచ్చా.

నిన్న ఆశా అక్క ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూసే టెస్ట్ కిట్ తెచ్చింది. పక్కింటివాళ్ళ మామూలు ప్యాకెట్ ఉప్పు మీద చుక్క వేస్తే నేరేడుపండు రంగుకు తిరిగింది. మాది తిరగలేదు. రెండో సీసా మందు కూడా వేసి చూసింది, ఊహూ. అక్క ఏమీ అనకుండా కిట్ సర్దుకుంది.

అప్పుడు ప్యాకెట్ తిప్పి చూశా. రేటు స్టిక్కర్ కాస్త లేచి ఉంటే గోటితో గీకా. కింద చీమతలకాయంత అక్షరాల్లో 'అయోడిన్ కలపలేదు' అని ఉంది. ఫోన్ కవర్‌కు అరగంట రివ్యూలు చదివే నాకు మూడు నెలలుగా ఇది కనపడలేదు.

పోయి అడిగితే, పదిమంది ముందర, "మీ అమ్మమ్మ అయోడిన్ తినే మీ అమ్మను కనిందా? స్టిక్కర్ పిల్లోళ్ళు యాడ పడితే ఆడ అతికిస్తారు, అంత భయముంటే మెడికల్ షాపుకు పోండి" అన్నాడు. పక్కనున్న ఆయన నవ్వాడు. నాకు నోట మాట రాలేదు, ఇంటికొచ్చాక వంద మాటలు గుర్తొస్తున్నాయి. అయోడిన్ లేని ఉప్పు తినడానికి అమ్మకూడదని 2006 నుంచి రూలుంది సామీ అని అయినా అనుండాల్సింది.

మామూలు వాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, మనకు 250 కావాలి. మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు ఎదగడానికి అయోడిన్‌తో తయారయ్యే తల్లి థైరాయిడ్ హార్మోనే దిక్కు. సరిగ్గా ఆ నెలల్లోనే మొదలుపెట్టా నేను ఈ ఆరోగ్యం పిచ్చి. పొద్దున థైరాయిడ్ టెస్టుకు రక్తం ఇచ్చొచ్చా, రిపోర్టు రేపు సాయంత్రం. అంతవరకు టెన్షనే.

మీరైతే ప్యాకెట్ మీద నవ్వే సూర్యుడి బొమ్మ (అయోడిన్ ఉప్పు గుర్తు అదే) చూసి కొనండి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసి పొయ్యికి దూరంగా పెట్టుకోండి. అలాగని ఉప్పు ఎక్కువ తినమని కాదు. స్టిక్కర్ ఉంటే గీకి చూడండి.

మిగిలిన అరకిలో బకెట్లో వేడినీళ్ళలో వేసి కాళ్ళు పెట్టుకున్నా. 84 మినరల్స్ కదా.